తిత్తిలో చుక్కలు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. కొన్ని మాటల్లో ఒక అక్షరం ఎక్కువ పడుతుంది, కొన్నిట్లో ఒకటి తక్కువ పడుతుంది. చెయ్యి కూడా నిదానం. మా ఆయన పోయాక, అరవై దాటిన తర్వాత, చర్చి కింది గదిలో పెట్టిన చదువుల క్లాసులో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ నాలుగు పేజీలకీ చలికాలమంతా పట్టింది. నా కూతురు ఐవలీ పక్కన కూర్చుని అక్షరాలు దిద్దింది. మాటల మీద మాత్రం దాన్ని చెయ్యి వెయ్యనివ్వలేదు.

క్లాసులో టీచరమ్మ అందరినీ బ్లింప్ గురించి, అంటే పెద్ద తిత్తిలో వాయువు నింపుకుని ఆకాశంలో తేలే ఓడ గురించి, రాయమంది. అవి తయారయ్యే అక్రాన్ ఊళ్ళో పుట్టినవాళ్ళకి అదంటే ఎంత మురిపెమో చెప్పలేను. ఆ వెండి తిత్తి ఇళ్ళ కప్పుల మీదుగా కనబడిందంటే పొయ్యి మీది గిన్నె పొయ్యి మీదే వదిలేసి వాకిట్లోకి పరిగెత్తి చేతులూపుతారు. నా పక్కన కూర్చునే ముసలాయన దాన్ని చందమామ అని రాశాడు. ఇంకొకావిడ దేవదూత అని రాసింది. నేను మాత్రం అది కనబడితే లోపలికి వెళ్ళి తలుపేసుకుంటాను. వాళ్ళందరూ దూరం నుంచి చూశారు. నేను దాని దగ్గరికి వెళ్ళాను, దాని పొట్టలోకి కూడా వెళ్ళాను.

అది 1951 ఎండాకాలం. మేము పడమటి వర్జీనియా కొండల నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన హోబర్ట్ టైర్ల కంపెనీలో పనిచేసేవాడు. మాలాంటి కొండ జనాన్ని అక్రాన్ వాళ్ళు 'పాములు' అనేవారు. ముందు తిట్టుగా అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు, చివరికి మమ్మల్ని మేమే అలా అనుకునేవాళ్ళం. ఊరంతా ఎప్పుడూ కాలిన రబ్బరు కంపు కొట్టేది. ఆరేసిన దుప్పట్లకీ అదే కంపు, పిల్లల జుట్టుకీ అదే కంపు. ఎవరైనా ముక్కు మూసుకుంటే మిగతావాళ్ళు నవ్వి, "అది జీతం వాసన, బాగా పీల్చుకో" అనేవారు.

హోబర్ట్ చెల్లెలు క్లీటా మా వెనకే కొండ దిగి వచ్చింది. దానికి ముప్పై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఊరి చివర చెరువు పక్కన బక్‌హార్న్ అని ఒక కంపెనీ ఉండేది. పెద్ద కంపెనీల ముందు అది ఏ మూలకీ రాదు. బ్లింప్‌ల తిత్తులు మాత్రం కుట్టేది, అతికేది. క్లీటా అక్కడ అతుకుల గదిలో పెద్ద. గుడ్డ ముక్కల అంచులకి సొల్యూషన్, అంటే రబ్బరు జిగురు, పూసి, అది ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పరిచి రోలరుతో రుద్దడం వాళ్ళ పని. ఆరిందో లేదో వేలి కొసతో చూడరు, కొస చెమటగా ఉంటుందట. చెయ్యి మడిచి వేలి కణుపుతో తాకి చూస్తారు. క్లీటాకి ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. రొట్టెనీ కణుపుతోనే తాకేది, ఇస్త్రీ పెట్టెనీ కణుపుతోనే తాకేది, మా ఐవలీ బుగ్గనీ కణుపుతోనే తాకేది.

ఆ గదిలో రోజంతా సొల్యూషన్ ఆవిరి. పొద్దున్న బాగానే వెళ్ళిన ఆడపిల్లలు మధ్యాహ్నమయ్యేసరికి ఊరికే నవ్వడం మొదలుపెడతారు. ఒకతె రోలరు కింద పడేస్తే గదంతా కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతుంది. సాయంత్రం బస్సులో కూడా ఆ నవ్వు ఆగదు. మా వీధిలో దానికి 'మధ్యాహ్నపు నవ్వు' అని పేరు. అది మంచి గుణమనే అనుకునేవారు. "అతుకుల గది పిల్లని చేసుకోరా, ఇల్లు కళకళలాడుతుంది" అని తల్లులు కొడుకులకి చెప్పేవారు. రాత్రి అదే పిల్ల తలనొప్పితో గోడకి తల ఆనించి కూర్చునేది. దాని సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

ఐవలీకి అప్పుడు పద్దెనిమిది. కోళ్ళ కొట్లో పని. వేడినీళ్ళలో ముంచిన కోళ్ళకి ఈకలు పీకి, పొట్ట కోసి, పేగులు తీసి పెట్టాలి. సాయంత్రం ఇంటికొస్తే తడి ఈకల కంపు దానికంటే ముందు లోపలికొచ్చేది. నిమ్మకాయ రుద్దుకునేది, వెనిగర్ రుద్దుకునేది, పోయేది కాదు.

"చూడమ్మా, నా గోళ్ళలో ఏముందో! ఎవడైనా నా చెయ్యి పట్టుకుని నాట్యం చేస్తాడా?" అనేది ఏడుపు గొంతుతో.

"కడుక్కుంటే పోతుందే."

"నీకు పోయిందేమో, నాకు పోవట్లేదు. అత్త చేతులు చూడు, ఎంత తెల్లగా ఉంటాయో."

ఆ తెలుపే నాకు నచ్చేది కాదు. ఆ ఏడాది క్లీటా మొహం కూడా పిండి రాసినట్టుండేది. రెండు మెట్లెక్కితే ఆయాసపడేది. అడిగితే, "కొండ దిగినదాన్ని, మెట్లెక్కడం మర్చిపోయాను వదినా" అని నవ్వేది.

బక్‌హార్న్‌లో కొత్త పిల్లల్ని తీసుకుంటున్నారని, ఫోర్‌మన్ డాబ్సన్‌తో మాట్లాడానని, కుటుంబాల రోజున మేమందరం వస్తే భోజనాలయ్యాక ఐవలీ పేరు రాసుకుంటాడని క్లీటా కబురు తెచ్చింది. కుటుంబాల రోజంటే పనివాళ్ళ ఇంటిల్లిపాదినీ పిలిచి బ్లింప్‌ని దగ్గరగా చూపించే రోజు. ఐవలీ ఎగిరి గంతేసింది. హోబర్ట్ సరేనన్నాడు. ఆయన దేనికైనా సరేనంటాడు.

"నాకిష్టం లేదు. ఆ నవ్వు నాకు నచ్చదు" అన్నాను నేను.

"నవ్వితే నచ్చదు, ఏడిస్తే నచ్చదు. వదినా, నీకు నచ్చేదేంటో చెప్పు, కొనిపెడతాను" అంది క్లీటా. తండ్రీ కూతుళ్ళు ఆమెతో కలిసి నవ్వారు. నా దగ్గర చెప్పడానికి కారణమేమీ లేదు. నచ్చకపోవడం ఒక్కటే ఉంది. దాంతో పిల్లని ఆపలేను.

ఆ ఆదివారం బుట్ట సర్దాను. వేయించిన కోడి ఐవలీ ముట్టదు కాబట్టి దాని కోసం, క్లీటా కోసం తెల్ల రొట్టెలో మాంసపు బిళ్ళలు పెట్టి శాండ్‌విచ్‌లు చేశాను. ఉడకబెట్టిన బంగాళాదుంపల ముద్ద పెట్టాను. ఆ ఏడాది కొత్తగా పట్టిన బీట్‌రూట్ ఊరగాయ సీసా ఒకటి తువ్వాలులో చుట్టి అడుగున పెట్టాను. మా కొండల్లో ఊరగాయ పట్టిన సీసాని మరిగే నీళ్ళలో ఉంచి తీస్తారు. చల్లారేటప్పుడు మూత లోపలికి పీల్చుకుంటుంది. మొదటిసారి తెరిచినప్పుడు టప్‌మని చప్పుడవుతుంది. ఆ చప్పుడు రాకపోతే లోపలిది చెడిపోయిందని పారబోస్తాం. మా పిల్లలకి నడక రాకముందే ఆ చప్పుడు తెలుసు.

మైదానంలో బ్లింప్‌ని ఒక స్తంభానికి ముక్కు దగ్గర కట్టి ఉంచారు. ఎర్ర తాడు కట్టి, దాని అవతల జనాన్ని నిలబెట్టారు. క్లీటా వాళ్ళతో వీళ్ళతో చెప్పి మమ్మల్ని తాడు దాటించి దాని కిందికి తీసుకెళ్ళింది.

దూరం నుంచి వెండిలా మెరిసేది దగ్గరికెళితే అంట్లు తోమిన నీళ్ళ రంగులో ఉంది. ముందు భాగమంతా చచ్చిన పురుగులు. దోమలు, మిడతలు, ఈగలు అతుక్కుని ఎండిపోయి గోకితే రాని పొరలా కట్టాయి. పొట్ట మీద అతుకులు, ఆ అతుకుల మీద మళ్ళీ అతుకులు, పుండ్ల మీద పట్టీలు వేసినట్టు. ఇంజన్ల నుంచి కారిన నూనె పక్కల వెంట నల్లగా జారి దుమ్ము పట్టింది. గాలి కొట్టినప్పుడల్లా ఆ పొట్ట ఒక చోట లోపలికి పోయి ఇంకో చోట బయటికి ఉబ్బుతోంది. ఎండలో చచ్చి రెండు రోజులైన ఆవుని చూసినవాళ్ళకి నేనేం చెబుతున్నానో తెలుస్తుంది.

"ఎలా ఉంది వదినా?" అంది క్లీటా, తనే కన్నట్టు.

"ఉబ్బిన గొడ్డులా ఉంది. మా నాన్నయితే పక్కటెముక కింద కత్తి దింపేవాడు, గాలి పోవడానికి" అన్నాను.

హోబర్ట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఐవలీ, "అమ్మా! ఎవరైనా వింటారు" అని నా చెయ్యి గిల్లింది.

విన్నాడు కూడా. డాబ్సన్ మా వెనకే నిలబడి ఉన్నాడు. బొద్దుగా, ఎర్రగా, మెడ మీద చెమటకాయలతో ఉండేవాడు. నోట్లో పొగాకు ముద్ద. "ఏమయ్యా పామూ, మీ ఆవిడకి మా బంగారం నచ్చలేదా?" అన్నాడు మా ఆయనతో. నాతో అనలేదు.

"దానికి ఎత్తులంటే భయమండీ" అన్నాడు హోబర్ట్.

"మేము ఎక్కడున్నాం ఎత్తులో? నేల మీదేగా నిలబడ్డాం" అన్నాను. డాబ్సన్ నవ్వి పక్కకి ఉమ్మాడు. సగం నా చెప్పు మీద పడింది. దాన్ని గడ్డికి రాసుకుంటుంటే బ్లింప్ కింద వేలాడే, మనుషులు కూర్చునే గది తలుపు తెరుచుకుంది. అంతకుముందు ఎక్కి చెరువు చుట్టూ తిరిగొచ్చిన పెద్దమనుషులు దిగారు. ఒకాయన తను వాంతి చేసుకున్న కాగితం సంచీ జాగ్రత్తగా పట్టుకుని దిగి, అడుగు తడిసి జారిపోతున్న ఆ సంచీని ఎక్కడ పెట్టాలో తెలియక, చెయ్యి చాపిన క్లీటాకి ఇచ్చేశాడు. క్లీటా దాన్ని తీసుకెళ్ళి పారేసి వచ్చి, "గాల్లో ఊగుతుంది కదా, అందరికీ అంతే" అంది. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అడగలేదు. జేబులోని గుడ్డ తీసి తుడుచుకుంది. ఆ గుడ్డకి సొల్యూషన్ వాసన.

అక్కడి నుంచి షెడ్డులోకి తీసుకెళ్ళారు. కొత్త తిత్తి ఒకటి తయారై, అందులో మామూలు గాలి నింపి పడుకోబెట్టి ఉంది. కన్నాలున్నాయేమో చూడ్డానికి అలా నింపుతారు. బయట చుట్టూ పెద్ద దీపాలు వెలిగిస్తారు. మనుషులు లోపలికెళ్ళి చీకట్లో నడుస్తూ చూస్తారు. సూది మొనంత కన్నమున్నా అక్కడ వెలుగు మెరుస్తుంది. ఆ కన్నాన్ని అతుకుల గదిలో 'చుక్క' అంటారు. ఆ రోజు పిల్లలకి ఆటగా ఉంటుందని కుటుంబాలన్నిటినీ లోపలికి వదిలారు. చుక్కని కనిపెట్టినవాళ్ళకి ఐస్‌క్రీం.

లోపలికెళ్ళే ముందు బల్లల మీద కూర్చుని అందరూ చెప్పులు విప్పాలి. ఉంగరాలు, పిన్నులు, జడ క్లిప్పులు తీసి గంపలో వెయ్యాలి. ఆడవాళ్ళు పొడుగు మేజోళ్ళు కూడా విప్పాలి. వాటిని పట్టి ఉంచే కొక్కేలు ఇనుపవి, గుడ్డకి తగిలితే చిరుగుతుందట. అందరం మొగవాళ్ళకి వీపు తిప్పి విప్పుకున్నాం. క్లీటా కదల్లేదు.

"నేను ఇక్కడుండి చెప్పులు చూస్తాలే" అంది.

"చెప్పులెవడెత్తుకెళ్తాడు? నువ్వు లేకపోతే వీళ్ళకి ఎవరు చూపిస్తారు? ఊఁ, కానీ" అన్నాడు డాబ్సన్.

క్లీటా నా పక్కన కూర్చుని గబగబా మేజోళ్ళు కిందికి తోసింది. నేను చూశాను. పిక్కల నుంచి చీలమండల దాకా ఎర్రటి చుక్కలు, గసగసాలు చల్లినట్టు. వాటి మధ్య అరచెయ్యంత నీలం మచ్చలు. కొన్ని కొత్తవి, కొన్ని పసుపు తిరిగినవి. ముగ్గిపోయిన పండు తొక్క గుర్తొచ్చి నా నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు.

"ఏంటే అవి?"

"నల్లులు" అంది చిన్న గొంతుతో.

"నల్లులు నీలంగా కుడతాయా?"

"బల్ల తగిలింది. అబ్బ, ఊరుకో వదినా. పిల్ల వింటుంది."

ఐవలీ అప్పటికే తిత్తి నోటి దగ్గర వంగి నిలబడి ఉంది.

లోపల నడవడమంటే పెద్ద నాలుక మీద నడిచినట్టు. కాలు పెడితే దిగబడుతుంది, తీస్తే మెల్లగా అంటుకుని వదులుతుంది. వంద మంది పాదాల చెమటకి నేలంతా తడిగా ఉంది. పైన, పక్కల, కింద అంతా ఒకటే పసుపు చీకటి. సొల్యూషన్ వాసన కళ్ళలో మండుతోంది. దానితో కలిసి విప్పిన కాళ్ళ కంపు, పిల్లల ఉచ్చ కంపు, జనం తిన్న ఉల్లిపాయల కంపు. బయటికి పోయే దారి లేక అన్నీ అక్కడే తిరుగుతున్నాయి. లోపల ఉమ్మకూడదు. పొగాకు నమిలేవాళ్ళు బుగ్గలు ఉబ్బించుకుని తిరుగుతున్నారు. నా కళ్ళ ముందే ఒకడు తట్టుకోలేక తన టోపీ తీసి అందులో ఉమ్మాడు. కాసేపటికి మరిచిపోయి అదే టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

"చుక్క! అత్తా, ఇక్కడ చుక్క!" అని ఐవలీ అరిచింది. దాని తల పైన ఒకే ఒక్క తెల్లటి మెరుపు. అది మెడ వెనక్కి వాల్చి నోరు తెరిచి చూస్తోంది. చిన్నపిల్లలా ఉంది మొహం. అబద్ధమెందుకు, ఆ ఒక్క క్షణం నాకూ బాగుందనిపించింది.

"శభాష్! మొదటి రోజే చుక్క పట్టావు. నాకు వారం పట్టింది" అంది క్లీటా. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఐవలీ కూడా నవ్వింది. నవ్వడానికి ఏమీ లేదు. అయినా ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఆగకుండా నవ్వుతున్నారు. చుట్టుపక్కల వాళ్ళకి కూడా అంటుకుంది. ఆ తిత్తి పొట్టంతా నవ్వుతో అదురుతుంటే, లోపలికి పోయిన కాసేపటికే నా కూతురికి మధ్యాహ్నపు నవ్వు పట్టిందని తెలుసుకుని, దాని మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"చెయ్యి వదులు! పేగులు పీక్కుంటూ బతకమంటావా నన్ను?" అంది బయటికొచ్చాక. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "భోజనమయ్యాక పేరిస్తాను. నువ్వు వద్దన్నా ఇస్తాను. నాన్న సరేనన్నాడు."

అనడానికి నా దగ్గర రెండు కాళ్ళ మీది చుక్కలు తప్ప ఇంకేమీ లేవు. వాటిని అది చూడలేదు. నేను చెబితే నమ్మదు.

చెరువు గట్టున గడ్డి మీద దుప్పటి పరిచి బుట్ట విప్పాం. డాబ్సన్ ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. కోడి తొడ అందుకున్నాడు. బంగాళాదుంపల ముద్ద ఎండకి పైన నీరు వదిలింది. ఈగలు ముసిరాయి. చెరువులోంచి రబ్బరూ నాచూ కలిసిన కంపు వస్తోంది. అందరికీ రొట్టెలు ఇచ్చి బుట్ట నా తొడకి ఆనించుకుని కూర్చున్నాను.

"నీకు ఏ బల్ల దగ్గర వెయ్యమంటావు ఐవలీ?" అంటున్నాడు డాబ్సన్ నములుతూ. "కిటికీ దగ్గర బల్ల ఖాళీగా ఉంది."

"ఆ బల్ల దగ్గర ఉన్న పిల్లేమైంది?" అని అడిగాడు హోబర్ట్.

"ఇంటి దగ్గర ఉంటోంది. ఒంట్లో బాలేదు."

"ఏమే కోడిపిల్లా, కిటికీ బల్ల అంటే రాజ్యం" అంది క్లీటా. శాండ్‌విచ్ కొరికి, నవ్వుతూ చెయ్యి కిందికి దించింది.

తెల్ల రొట్టె మీద కొరికిన చోటంతా ఎర్రగా ఉంది. పళ్ళ వరస వరసగా, ఒక్కొక్క పన్ను అచ్చుపడి, అంచు నుంచి రొట్టెలోకి ఎరుపు మెల్లగా పాకుతోంది. దాని మీద ఈగ వాలింది.

డాబ్సన్ చూశాడు. ఒక క్షణం నమలడం ఆపాడు. మళ్ళీ నమిలాడు. "అబ్బో, బీట్‌రూట్! మీ కొండోళ్ళ బీట్‌రూట్ ఊరగాయ రసం ఎక్కడ పడితే అక్కడ కారుతుంది" అన్నాడు.

"అవును మరి, మా వదిన బీట్‌రూట్ అంటే ప్రాణం నాకు" అంది క్లీటా. రొట్టెని చటుక్కున తిప్పి పట్టుకుంది.

"నాకూ కాస్త వెయ్యి అత్తా" అంది ఐవలీ.

నా చెయ్యి బుట్టలోకి పోయింది. సీసా అడుగున తువ్వాలులో చుట్టి, నేను కట్టిన ముడి కట్టినట్టే ఉంది. తీసి ఐవలీ ఒళ్ళో పెట్టాను.

"ఈ మూత నాకు రావట్లేదు. నువ్వు తియ్యవే" అన్నాను.

కోళ్ళ కొట్లో పనిచేసే చేతులు, బలమైనవి. ముడి విప్పి, సీసా మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది.

టప్‌మంది.

హోబర్ట్ నమలడం ఆపేశాడు. ఐవలీ మూత చేతిలో పట్టుకుని అలాగే ఉంది. సీసా నిండా ఉంది, అంచు దాకా, ఒక్క ముక్క తగ్గలేదు. అది సీసా వైపు చూసింది, తర్వాత అత్త చేతి వైపు చూసింది. అక్కడున్న నలుగురు కొండవాళ్ళకీ ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"అత్తా, నోరు చూపించు."

"తిను తిను, కబుర్లు తర్వాత."

"నోరు తెరు అత్తా."

"పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా ఇది?" అంది క్లీటా. కానీ మాట్లాడాలంటే నోరు తెరవాలి కదా. చిగుళ్ళ వెంట ఎర్రటి గీత. పళ్ళ సందుల్లో ఎరుపు. కింది పెదవి లోపల నల్లటి బుడగ. సొల్యూషన్ గుడ్డ తీసి అడ్డం పెట్టుకుంది. ఆ గుడ్డ మీద పాత మరకలు చాలా ఉన్నాయి, గోధుమ రంగువి. మైదానంలో చూసినప్పుడు అవి నూనె అనుకున్నాను.

"ఆడవాళ్ళకి చిగుళ్ళు కారడం కొత్తా?" అన్నాడు డాబ్సన్, బొమిక చప్పరిస్తూ. "నా గదిలో సగం మందికి ఉంది. కూరగాయలు తినరు మీరు, అదీ సంగతి. బీట్‌రూట్ తినమ్మా క్లీటా, రక్తం పడుతుంది." తన మాటకి తనే నవ్వాడు. వేళ్ళు నాక్కుని మా తువ్వాలుకి తుడుచుకున్నాడు. నా జీవితంలో చాలా కంపులు పీల్చాను, చాలా చెత్త ఎత్తాను. ఆ తువ్వాలుని మాత్రం ఇంటికి తీసుకురాలేదు.

"సగం మందికా?" అంది ఐవలీ.

"ఆఁ, సగం. మిగతావాళ్ళు కొత్తవాళ్ళు." అప్పుడు ఆయన జేబులోంచి చిన్న కాగితం, పెన్సిలు ముక్క తీశాడు. పెన్సిలు మొనని నాలుకతో తడిపాడు. "సరే, పూర్తి పేరు చెప్పు."

ఐవలీ లేచి నిలబడింది. మూతని సీసా మీద పెట్టి బిగించింది. చేతులు గౌనుకి తుడుచుకుంది, తుడుచుకుని ఒక్కసారి గోళ్ళ వైపు చూసుకుంది.

"నాకు కోళ్ళున్నాయండీ" అంది.

"ఏంటీ?"

"రేపు పొద్దున్నే కోళ్ళున్నాయి నాకు. వెళ్ళాలి."

"పిచ్చిదానా! కిటికీ బల్ల ఇస్తున్నాను."

"ఆ బల్ల దగ్గరుండే పిల్లకి బాగైతే మళ్ళీ ఆమెకే ఇవ్వండి."

డాబ్సన్ కాగితం మడిచి, "పాములు" అని గొణిగి, ఇంకో కోడి ముక్క తీసుకుని పక్క దుప్పటి వైపు వెళ్ళాడు. ముక్క తీసుకెళ్ళడం మరిచిపోలేదు.

క్లీటా నా మీదికి తిరిగింది. ఆమె మొహంలో రంగు ఉండుంటే ఎర్రబడేదే. "సీసా పట్టుకొచ్చి నా పరువు తీశావు వదినా. ఏళ్ళ తరబడి పనిచేశాను. ఆ మనిషి దగ్గర మొదటిసారి ఒక మాట అడిగాను."

"పరువు సంగతి తర్వాత. నువ్వు కూడా లే. మా ఇంటికి రా. డాక్టరు దగ్గరికి వెళదాం."

"నేనొస్తే ఈ పిల్లలకి పని ఎవరు చూపిస్తారు? కొత్త తిత్తి ఈ నెల పూర్తి చెయ్యాలి."

"తిత్తి! తిత్తి! ఆ తిత్తికి కన్నం పడితే వెంటనే అతుకేస్తారు. నీకెవరు వేస్తారే?" అన్నాను.

ఆమె నోటి దగ్గర గుడ్డ పెట్టుకుని షెడ్డు వైపు నడిచింది. దారిలో ఎవరో పిల్ల ఎదురొస్తే దాని బుగ్గని వేలి కణుపుతో తాకి ముందుకెళ్ళింది.

బస్సు స్టాండు దాకా హోబర్ట్ సీసా చంకలో పెట్టుకుని నడిచాడు. అక్కడ మురుగు కాలువ పక్కన ఆగి, మూత తీసి, ఊరగాయంతా వంపేశాడు. ఆయనకి నా బీట్‌రూట్ అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఎర్రటి నీళ్ళు కాలువలో కాసేపు అలాగే నిలిచి ఉన్నాయి. "నా చెల్లెలిని నేనే కొండ దింపాను" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ బీట్‌రూట్ పట్టలేదు.

క్లీటా తిత్తి పూర్తి చేసింది. దాని తర్వాత ఇంకొకటి మొదలుపెట్టింది. మంచు కురిసే రోజుల్లో ఒక ఉదయం ముక్కు నుంచి రక్తం కారి ఆగలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఒంట్లో కొత్త రక్తం పుట్టడం ఆగిపోయిందన్నాడు. ఎందుకాగిందో చెప్పలేదు. మేము అడిగాం, ఆయన కిటికీ వైపు చూశాడు. చివరి రోజుల్లో ఐవలీ సాయంత్రాలు నేరుగా కోళ్ళ కొట్టు నుంచి వెళ్ళి ఆమె పక్కన కూర్చునేది. ఈకల కంపుతోనే. "వాసన వస్తోందా అత్తా?" అని అడిగితే క్లీటా, "నాకు సొల్యూషన్ తప్ప ఏ వాసనా తెలియదే కోడిపిల్లా. దగ్గరికి జరుగు" అందట.

సమాధి రోజున కంపెనీ నుంచి పువ్వులొచ్చాయి. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. తెల్లటి పువ్వులు తీగకి గుచ్చి, కింద చిన్న గది, వెనక తోక రెక్కలతో సహా అచ్చంగా బ్లింప్ ఆకారంలో కట్టారు. పొట్ట మీద వెండి కాగితం అతికించారు. జనం, "ఆహా, ఎంత బాగా చేశారు" అన్నారు. ఒకావిడ దాన్ని చూసి కళ్ళు తుడుచుకుంది. దాన్ని పెట్టె మీద క్లీటా కడుపు దగ్గర పెట్టారు. నేను చూడలేక తల తిప్పుకున్నాను. ఐవలీ లేచి, రెండు చేతులతో దాన్ని ఎత్తి, జనం మధ్యలోంచి నడిచి బయటికి తీసుకెళ్ళి చెత్త డబ్బా పక్కన గోడకి తిప్పి పెట్టి వచ్చింది. వచ్చి కూర్చుని చేతులు వాసన చూసుకుంది.

డాబ్సన్ రాలేదు. కొత్త పిల్లలకి పని చూపిస్తున్నాడేమో.

ఐవలీ తర్వాత కోళ్ళ కొట్టు వదిలి బడి వంటింట్లో చేరింది. పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది. ఇప్పుడు దానికి మనవలు. దాని పళ్ళు ఇప్పటికీ దానివే. మా వీధి పిల్లలు ఇవాళ కూడా ఆకాశంలో ఆ తిత్తి కనబడితే అరుస్తూ పరిగెత్తుతారు. నేను కిటికీ తెర లాగేస్తాను. టీచరమ్మా, ఇదీ నేను చూసిన బ్లింప్.

ఆర్విల్లా స్కాగ్స్, డెబ్బై ఎనిమిదేళ్ళు, కూతురు ఐవలీ ఇంటి వెనక గది, బార్బర్టన్, ఒహాయో.